కొండమీది అల్లుడుగారు

ఆసుపత్రి నుంచి ఆవిడ ఇంటికి వచ్చేసరికి మగ్గం గుంట పూడ్చేసి ఉంది.

పూడ్చి ఊరుకోలేదు. పైన సిమెంటు వేసి, నున్నగా మెత్తి, గుమ్మం దగ్గర చిన్న ముగ్గు కూడా పెట్టారు. మంగళగిరిలో నేతపని చేసే ఇళ్ళల్లో ముందుగది మగ్గానిదే. నేలలో గుంట తవ్వుతారు. నేసే మనిషి గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, కింద ఉన్న రెండు పలకల్ని ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటాడు. ఒకటి తొక్కితే సగం పోగులు లేస్తాయి, రెండోది తొక్కితే మిగతా సగం. ఆ మధ్యలోంచి అడ్డపోగుని లాక్కుంటూ నాడె పరుగెత్తుతుంది. గుంట లేకపోతే మగ్గం లేదు. ఆ ఇంట్లో మగ్గం కర్రల్ని విప్పి, తాడేసి కట్టి, గోడవారగా నిలబెట్టారు.

చేసింది ఆవిడ మరిది. ఆస్తి కోసమో, గది కోసమో కాదు. వదినగారికి కుడికాలు మోకాలి కింద తీసేశారు. చంకల్లో కర్రలు పెట్టుకుని నడవాల్సిన మనిషి ఎక్కడ ఆ గుంటలో పడిపోతుందోనని ఆయన భయం. మేస్త్రీని పిలవకుండా తనే మట్టి మోసి పూడ్చాడు. ఆవిడ వచ్చేలోగా సిమెంటు ఆరాలని ఇంట్లో ఎవరినీ దాని మీద నడవనివ్వలేదట. మేము వచ్చిన వ్యాను ఆగగానే ఎదురొచ్చి, వదినగారి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. మెచ్చుకుంటుందేమోనని.

ఆవిడ గుమ్మంలో కూర్చుంది. లోపలికి రాలేదు. నేలకేసి చూస్తూ ఉండిపోయింది. పక్కన నిలబడిన కూతురికి అర్థమై ఏడుపు మొదలుపెట్టింది. తోడికోడలు మంచినీళ్ళు తెచ్చిస్తే గ్లాసు పక్కన పెట్టింది. అప్పుడు ఆవిడే మాట్లాడింది.

"ఎంత లోతు పూడ్చావు అబ్బాయ్?"

"మొత్తం పూడ్చేశానొదినా. కుంగకుండా అడుగున ఇటుకముక్కలు కూడా వేశాను."

"గట్టిగానే చేశావు. గునపం ఉందా ఇంట్లో?"

"ఉంది. ఎందుకొదినా?"

ఆవిడ కర్ర చాపి, కొత్త సిమెంటు మీద కిటికీ దగ్గర ఒక చోట ఆనించింది.

"ఇక్కడ తవ్వు. పాత చోట వద్దు, అక్కడ వెలుగు రాదు. ఇన్నాళ్ళూ మీ అన్నగారి గుంటలో కూర్చున్నాను. ఆయన తాటిచెట్టంత మనిషి, నాకు కాళ్ళు అందేవి కాదు. ఇప్పుడు అల్లుడుగారు నా కొలతకి తవ్వించుకోమంటున్నారు."

కూతురు ఏడుపు ఆపేసింది. గునపం మాట విని కాదు. అల్లుడుగారు అన్న మాట విని. లారీ గుద్దిన రోజు నుంచి అప్పటిదాకా ఆ మాట ఆవిడ నోట రాలేదు.

*

ఆ అల్లుడుగారి గురించి చెప్పాలి.

తొంభైలు మొదలైన కొత్తలో నేను విజయవాడలో ఒక దినపత్రికలో పనిచేసేవాణ్ణి. భవానీపురంలో అద్దె ఇల్లు, గవర్నర్‌పేటలో ఆఫీసు. నూలు ధర పెరిగిందని, నేతవాళ్ళు పస్తులున్నారని వార్తలు వస్తుంటే వెళ్ళి చూసి రమ్మని మంగళగిరి పంపారు. వీధిలో మొదట తలుపు తీసి ఉన్న ఇల్లు ఆవిడది. లోపల మగ్గం ఆడుతోంది. నేసేది ఆడమనిషి. అక్కడ ఆడవాళ్ళు కండెలు చుడతారు, పోగులు అతుకుతారు, గంజి పెడతారు. మగ్గం మీద కూర్చునేవాళ్ళు లేరని కాదు, తక్కువ. అందుకని ఆగాను.

నూలు ధర అడిగాను. చెప్పింది. ఇలా అయితే ఎలా బతుకుతారండీ అని అడిగాను. విలేకరులు అడిగే ప్రశ్నే అది. "అల్లుడుగారు చూసుకుంటారు బాబూ" అంది, నాడె ఆపకుండా.

నేను కాగితం మీద రాసుకుంటూ, అల్లుడుగారు ఏ ఊళ్ళో ఉంటారని అడిగాను. ఆవిడ తలతో కిటికీలోంచి కొండని చూపించింది. "అదిగో, పైన ఒక ఇల్లు. దిగువన ఇంకొకటి."

"ఏం చేస్తుంటారు?"

"ఏమీ చెయ్యడు. కూర్చుని పానకం తాగుతాడు."

అప్పటిగ్గానీ నాకు వెలగలేదు. నరసింహస్వామి గురించి చెబుతోంది. లక్ష్మీదేవి తమ ఇంటి ఆడపడుచు అని అక్కడి నేతవాళ్ళ నమ్మకం. ఆ లెక్కన స్వామి ఇంటల్లుడు. అందరూ ఆ మాట పండగనాడు అంటారు, మిగతా రోజుల్లో దేవుణ్ణి దేవుడిగానే చూస్తారు. ఆవిడ మాత్రం ఏడాది పొడవునా ఆ చుట్టరికంలోనే బతికేది.

అందులో వేళాకోళం ఉందనుకున్నాను మొదట్లో. వెళ్తూ వస్తూ ఉండేకొద్దీ తెలిసింది, ఆవిడ చాలా కచ్చితంగా ఉండేది ఆ విషయంలో. స్వామికి ఎప్పుడూ దణ్ణం పెట్టేది కాదు. అత్తగారు దణ్ణం పెడితే అల్లుడికి ఆయుక్షీణం అని. గుళ్ళో అందరూ చేతులు జోడించి కళ్ళు మూసుకుంటే, ఆవిడ కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, నిటారుగా నిలబడి, "బాగున్నారా" అని అడిగి వచ్చేసేది. అంతే పూజ. పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కొండవైపు ఒకసారి చూసేది. లేచారా లేదా అని చూసుకున్నట్టు ఉండేది.

కరెంటు పోతే "అలిగారు" అనేది. వ్యాపారి చీరలో తప్పు పట్టి వెనక్కి పంపితే, "పెట్టుపోతల్లో ఏదో తక్కువ చేశాం, మొహమాటానికి పైకి చెప్పడు" అనేది. వానాకాలం ఆ వీధిలో గుంటల్లోకి నీళ్ళు ఊరతాయి. అందరూ తిట్టుకుంటూ చెంబులతో తోడుకునేవాళ్ళు. ఆవిడ తోడుతూ, "ఏటేటా పెళ్ళి చేసి కాళ్ళు కడుగుతున్నాం కదా, ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి మరి" అనేది. వీధిలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడ నవ్వేది కాదు.

ఒకసారి ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాడు నాతో వచ్చాడు. దేవుడంటే నమ్మకం లేదని గట్టిగా చెప్పుకునే వయసు. అంత ధీమా ఏమిటండీ ఆయన మీద అని అడిగాడు ఆవిణ్ణి. ఆవిడ అతన్ని కింద నుంచి పైదాకా చూసి, పెళ్ళయిందా అని అడిగింది. కాలేదన్నాడు. "అయితే నీకు తెలీదులే బాబూ. మా పిల్ల ఆ ఇంట్లో ఉంది. మా ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో ఆయనకి చెప్పకుండా ఊరుకుంటుందా?" అంది.

 

*

ఆవిడ భర్త నేతగాడు. ఛాతీ జబ్బుతో చాలాకాలం తీసుకుని పోయాడు. నేను ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టకముందే. కర్మ పూర్తయిన మర్నాడు ఆవిడ వెళ్ళి ఆయన గుంటలో కూర్చుందట. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, అది ఎవరో ఒకరు పూర్తిచేయాలి. కాళ్ళు పలకలకి అందలేదు. ముందుకు జరిగి, గుంట అంచుమీద సగం ఒరిగి, మునివేళ్ళతో తొక్కుతూ పూర్తిచేసింది. ఆ తర్వాత కూడా అలాగే నేసింది, ఏళ్ళ తరబడి. నడుం నొప్పి అనేది కానీ గుంట సరిచేయించుకుందామని అనుకోలేదు. అది ఆయన గుంట. దాన్ని కదిలించడం ఆవిడకి తోచలేదు, ఎవరికీ తోచలేదు.

నేను ఒకసారి అడిగాను, ఆయన పోయినప్పుడు అల్లుడుగారి మీద కోపం రాలేదా అని. కొంచెం ఆలోచించి చెప్పింది. "మామగారిని దగ్గరికి పిలిపించుకున్నారు. అత్తగారిని పనిలో కూర్చోబెట్టారు. నన్ను ఎక్కడ కూర్చోబెట్టాలో నాకంటే ఆయనకే బాగా తెలుసు బాబూ. నాకు తెలిసుంటే వంటింట్లోనే కూర్చునేదాన్ని."

ఆ ఇంటికి ఒక మొక్కు ఉంది. ఫాల్గుణమాసంలో దిగువ గుళ్ళో స్వామికి కల్యాణం చేస్తారు. ఊళ్ళో నేత కుటుంబాలు అమ్మవారికి చీరలు తీసుకెళ్ళి ఇచ్చుకుంటాయి. వీళ్ళ ఇంట్లోంచి ఏటా ఒక చీర వెళ్తుంది, ఆ ఇంటి మగ్గం మీదే నేసింది, భర్తగారి తాత నాటి నుంచి. ఆయన పోయాక ఆ చీర ఆవిడ నేసేది. ఆడపిల్లకి సారె ఎలా పెడతారో అలా పెట్టేది. చలిమిడి చేసేది, గాజులు కొనేది. చీరకి జరీ మాత్రం ఎవరినీ నమ్మకుండా విజయవాడ వచ్చి తనే ఎంచుకునేది.

జరీ కొనడానికి వచ్చిన రోజే లారీ గుద్దింది. గవర్నర్‌పేటలో కొట్టు మెట్లెక్కి జరీ కొనుక్కుని, బస్సెక్కి, మంగళగిరిలో హైవే మీద దిగి రోడ్డు దాటుతోంది. ఆ చుట్టుపక్కలవాళ్ళు ఎత్తుకుని మళ్ళీ విజయవాడే తెచ్చారు. కాలు నిలబెడదామని డాక్టర్లు కొంతకాలం చూశారు, కుదరలేదు. ఆసుపత్రి మా ఆఫీసుకి దగ్గర. రోజూ డ్యూటీకి ముందు కాసేపు వెళ్ళేవాణ్ణి.

ఆవిడ మాట్లాడేది. అన్నం తిన్నావా, పిల్లలు బాగున్నారా అని నన్ను అడిగేది. డాక్టర్లు చెప్పింది వినేది. కానీ కొండ ఊసు లేదు. ఎవరైనా దేవుడి పేరు ఎత్తితే గోడవైపు తిరిగి పడుకునేది. ఆవిడ సంచీని ఎవరో పుణ్యాత్ముడు రోడ్డు మీద నుంచి ఏరి తెచ్చి ఇచ్చాడు. అందులో జరీ పొట్లం చెక్కుచెదరకుండా ఉంది. కూతురు దాన్ని చూపించబోతే, "మూసెయ్యి. ఆయన భార్య చీర కోసం వెళ్ళానే నేను. ఆయనకి తెలీదా?" అందట. కూతురు నాకు వరండాలోకి వచ్చి ఈ మాట చెప్పింది. అమ్మ ఎప్పుడూ అల్లుడుగారు అంటుంది, ఈసారి ఆయన అంది, అదే నాకు భయంగా ఉందండీ అంది.

నేను వార్తలు రాసే, దిద్దే మనిషిని. తట్టుకోలేని కష్టం వచ్చినప్పుడు చిరునవ్వుతో భరించినవాళ్ళ గురించి చాలా దిద్దాను. వాటిలో చాలా వాటిని నమ్మలేదు. ఆవిడ ఆ మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం మాత్రం నమ్మాను. పరాయివాళ్ళ మీద అలా అలగరు.

ఇంటికి తీసుకెళ్ళిన రోజు వ్యాను బ్యారేజీ దాటి, కొండ కనబడేదాకా వచ్చింది. ఆ రోడ్డున వెళ్ళే ఎవరైనా అక్కడ తలెత్తి చూస్తారు. ఆవిడ ఒళ్ళో ఉన్న చేతుల్ని చూసుకుంటూ కూర్చుంది. కొండ దగ్గరపడుతున్నా తలెత్తలేదు. ఆ తర్వాత పది నిమిషాలకి ఇల్లు, పూడ్చిన గుంట, గునపం.

అక్కడ ఏం జరిగిందో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆవిణ్ణి తర్వాత అడిగాను. "గుంట లేదని చూడగానే బాబూ, మొత్తం తీసేసుకున్నాడు అనుకున్నాను. కాసేపు చూస్తే, ఎంత చోటు ఉందో కనబడింది. ఎక్కడ కావాలంటే అక్కడ తవ్వుకోవచ్చు కదా" అంది. అంతకంటే చెప్పలేదు. ఆవిడకి అది చాలు.

*

మరిది తవ్వాడు. ఎంత ప్రేమగా పూడ్చాడో అంత కష్టపడి తవ్వాడు, తను వేసిన ఇటుకముక్కల్ని తిట్టుకుంటూ. కిటికీ దగ్గర, లోతు తక్కువగా, ఎడమ కాలికి సరిపడా. కుడివైపు మోకాలు ఆనించుకోవడానికి మెట్టులాగా వదిలారు. కూర్చుంటే వీపు గోడకి ఆనేది. జీవితంలో మొదటిసారి సుఖంగా కూర్చున్నాను అంది.

కానీ పలకలు రెండు, కాలు ఒకటి. ఒకటి తొక్కి, కాలు ఎత్తి, రెండోది తొక్కేసరికి చేతి వేగం పోతోంది. ఆ ఇంట్లో కూతురిది కుట్టుమిషను ఉంది, కాలితో తొక్కేది. ఆవిడ కండె చేతిలో పట్టుకుని కూతురు పాదం కేసి చూస్తూ కూర్చునేదట. ఒకరోజు వడ్రంగిని పిలిపించి, రెండు పలకలు తీసేసి, మిషను పలకలాగా మధ్యలో ఇరుసు ఉన్న ఒకే పలక పెట్టించింది. వేళ్ళతో నొక్కితే ఒక సగం పోగులు లేస్తాయి, మడమతో నొక్కితే ఇంకో సగం.

పని జరిగింది, గుడ్డ బాగా రాలేదు. మడమకి బలం ఎక్కువ, వేళ్ళకి తక్కువ. ఒక వరస బిగుతు, ఒక వరస వదులు. వెలుగుకి ఎత్తి పట్టుకుంటే చారలు కనబడేవి. నేను వెళ్ళినప్పుడు అలా పట్టుకుని చూపించింది. "చూశావా, గుడ్డ కూడా కుంటుతోంది" అంది. వ్యాపారి ఆ గుడ్డలు తీసుకోలేదు. ఇంట్లో ఒళ్ళు తుడుచుకోవడానికి, గిన్నెలు దింపడానికి వాడారు. ఆ చలికాలం ఆ ఇంటి నిండా కుంటి తువాళ్ళే.

మాఘం వచ్చింది. కల్యాణం దగ్గరికి వస్తోంది. వదినా, ఈ ఒక్క ఏడు వెనక గదిలో నా మగ్గం మీద నేస్తాను, మన ఇంటి చీరే కదా అన్నాడు మరిది. అందులో తప్పేమీ లేదు, పెద్దవాళ్ళు కూడా సరేనన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. నేను నేసి ఇవ్వకపోతే మా మధ్య గొడవ గొడవగానే ఉండిపోతుంది అంది. చీర వెళ్తే చాలదు. ఆ చీర ఆ గుంటలోంచి, ఆ కాలితో రావాలి. ఆవిడకి అదే కావలసింది. రాకపోతే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు, కానీ మాకందరికీ ఆసుపత్రిలో గోడవైపు తిరిగిన ఆ వీపు గుర్తుంది.

తోడికోడలు నోరు మంచిది కాదు, మనసు మంచిది. ఆవిడకి చాకిరీ అంతా చేసింది ఆమే. విసుగొచ్చి ఒకరోజు నా ఎదురుగానే అనేసింది.

"చీర కోసం వెళ్తే కాలు తీసుకుని పంపాడు. ఆ మహానుభావుడికి ఇంకా సారె కూడానా అక్కా?"

ఆవిడ నాడె ఆపింది.

"కొండమీదకి పానకం తీసుకెళ్తావు కదా. ఎంత పోయించుకుంటాడు?"

"సగం."

"మిగతాది?"

"మనకే ఇచ్చేస్తాడు. ప్రసాదం."

"నా కాళ్ళ దగ్గరా అంతే చేశాడు. సగం తీసుకున్నాడు, సగం ప్రసాదంగా ఇచ్చాడు. ఈ మిగిలినదానితోనే కదా నేస్తున్నాను. దీన్ని ఉత్త కాలు అనుకోమాకు."

తోడికోడలు చీరకొంగుతో ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్ళి, గంజి కలుపుతాను అంది. ఆ కొండమీద స్వామి పానకం సగం తాగి సగం తిరిగి ఇస్తాడని అందరికీ తెలుసు. ఎన్నోసార్లు వెళ్ళాను, నేనూ తాగాను. దాన్ని అలా తన ఒంటికి అన్వయించుకున్న మనిషిని మాత్రం ఇంకెవరినీ చూడలేదు.

పలకకి వేళ్ళ వైపు ఒక చిన్న రాయి కట్టింది. బరువు సరిపోయింది. వరసలు దగ్గరపడ్డాయి. చారలు సన్నబడుతూ, ఒకరోజు కనబడకుండా పోయాయి. వెలుగుకి ఎత్తి పట్టుకుని ముందు తను చూసింది, తర్వాత కూతురికి చూపించింది, ఆ తర్వాత మరిదిని పిలిచి చూపించింది. నేతలో తప్పులు పట్టడంలో ఆయన గట్టివాడు. అటు తిప్పి ఇటు తిప్పి, "రెండు కాళ్ళ నేతే ఇది వదినా" అన్నాడు. అప్పుడు జరీ పొట్లం తెమ్మంది.

*

కల్యాణం రోజు మధ్యాహ్నం నేను సెలవు పెట్టి వెళ్ళాను. వీధిలో సన్నాయివాళ్ళు సిద్ధంగా ఉన్నారు. రిక్షా తెప్పించారు ఆవిడ కోసం. వద్దంది. అత్తగారు రిక్షాలో ఊరేగితే పెళ్ళికొడుకు ఎవరో తెలియదు అంది.

ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, ఆ జరీ. పళ్ళెంలో పెట్టి కూతురు పట్టుకుంది. తోడికోడలు చలిమిడి, పసుపు కుంకుమ. ఆవిడ రెండు కర్రల మీద, అందరికంటే ముందు. ఆవిడ నడక ఎంతో సన్నాయి నడక అంతే. డోలు ఆయన కూడా ఆవిడ కర్ర నేలకి తాకినప్పుడల్లా దెబ్బ వేయడం మొదలుపెట్టాడు, కావాలని కాదు, చెయ్యి అలా పడిపోయింది. ఇళ్ళల్లోంచి జనం బయటికి వచ్చి, ఒక్కొక్కరే వెనక చేరారు. మెయిన్ బజారులోకి వచ్చేసరికి వెనక బస్సు ఆగింది, దాని వెనక ఆటోలు. హారన్లు. కండక్టరు దిగి ముందుకి వచ్చాడు.

"ఎవరి పెళ్ళండీ?"

"స్వామిది. ఆడపెళ్ళివారు వెళ్తున్నారు" అన్నాడు మరిది.

"అయితే కొంచెం త్వరగా కానివ్వండమ్మా, టైమైపోతోంది."

ఆవిడ ఆగి, ఊపిరి తీసుకుని, అతనికేసి తిరిగింది. "ఆడపిల్లవాళ్ళం బాబూ. నిదానంగానే వెళ్తాం. నువ్వూ రా, భోజనం చేసి వెళ్దువుగాని."

కండక్టరు నవ్వి, బస్సు వైపు తిరిగి హారన్ ఆపమని చెయ్యి ఊపాడు. బస్సులోంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు దిగి మాతో కలిశారు. గుడి చేరేసరికి పెళ్ళికి వెళ్తున్నంత మంది ఉన్నాం. పెళ్ళికే వెళ్తున్నాం.

పూజారిగారికి ఆవిడ ఎప్పటినుంచో తెలుసు. పళ్ళెం అందుకుంటూ, ఈ ఏడు ఆలస్యం చేశారేమండీ అన్నారు. "మీ స్వామిని అడగండి, కొత్త నడక నేర్పింది ఆయనే" అంది. ఆయన చీర మడత విప్పి అంచు చూశారు. తల ఊపి లోపలికి తీసుకెళ్ళారు.

చుట్టూ అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించాను. ఆవిడ కర్రల మీద నిటారుగా నిలబడింది. కొంగు భుజం మీదికి లాక్కోవడానికి ఒక చెయ్యి తీయాల్సి వచ్చింది, కూతురు పట్టుకోబోతే వద్దని తల తిప్పింది. గర్భగుడి వైపు చూసి, ఎప్పటిలాగే, బాగున్నారా అని అడిగింది. ఏటా అక్కడితో అయిపోయేది. ఆ ఏడు ఇంకో మాట అంది. పెద్దగానే అంది, వెనక ఉన్న నాకూ వినబడింది.

"మేమూ బాగున్నాం."

*

ఆ తర్వాత ఆవిడ చాలా ఏళ్ళు నేసింది. ఒంటికాలి నేత అని చూడ్డానికి వచ్చేవాళ్ళు. ఫొటోలు తీస్తామనేవాళ్ళు. చీర ఫొటో తీసుకోండి, కాలు ఏముంది అనేది. కూతురు పెళ్ళి మూడో వీధిలో అబ్బాయితో అయింది, బట్టల కొట్టు పెట్టుకున్నవాడు. అతన్ని ఆవిడ చిన్నల్లుడు అనేది. ఉన్నది ఒక్క కూతురే కదా, పెద్దల్లుడు ఎవరండీ అని వియ్యాలవారు పెళ్ళిలో కంగారుపడి, నన్ను పక్కకి పిలిచి అడిగారు. నేను కొండ చూపించాను. చిన్నల్లుడు మంచివాడు. ఆ వరస మీద ఎప్పుడూ పేచీ పెట్టలేదు.

కొన్ని ఏళ్ళు నూలు దొరకలేదు, కొన్ని ఏళ్ళు చీరలు అమ్ముడుపోలేదు. వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే తగ్గాయి. ఆవిడ అల్లుడుగారితో పోట్లాడుతూనే ఉంది, చీర పంపుతూనే ఉంది. చూపు తగ్గాక కూడా వేళ్ళతో తడిమి నేసేది. ఈ మధ్య, దీపావళి వెళ్ళాక, జ్వరంతో కొద్దిరోజులు మంచాన పడి పోయింది. మరిది నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన గొంతులో ఏడుపు లేదు. పొద్దున కొండకేసి చూసి పడుకుందండీ, అన్నాడు. ఆ మనిషికి ఇంకెలా వెళ్ళడం తెలుసు అన్నట్టు ఉంది ఆ మాట.

నేను వెళ్ళేసరికి కర్మ అయిపోయింది. ముందుగదిలో మగ్గం ఉంది. దానిమీద కొత్త పడుగు ఎక్కించి ఉంది, అమ్మవారి చీరకి. ఆవిడే అతికించిందట పోగులన్నీ, జ్వరం రాకముందు. నేయడం మొదలుపెట్టలేదు.

మరిది కొలతలు తీస్తున్నాడు. గుంట కుడివైపు మెట్టు కొట్టేసి, వెడల్పు చేసి, రెండు పలకలు పెట్టిస్తే తను కూర్చుని నేస్తానంటాడు. ఎవరి కొలతకి వాళ్ళకి గుంట ఉండాలని మీ అమ్మే కదా అంది, అంటాడు కూతురితో. కూతురు ఒప్పుకోవడం లేదు. ఆమె మిషను తొక్కే మనిషి, ఆ ఒంటి పలక తనకి అలవాటేనంటుంది. మెట్టు మీద కుడికాలు మడిచి పెట్టుకుని కూర్చుంటే సరిపోతోందని చూసుకుంది కూడా. కానీ మగ్గం ఆమెకి రాదు. కండెలు చుట్టడం తప్ప అమ్మ ఏమీ నేర్పలేదు.

"నీకు నేత రాదే తల్లీ" అన్నాడు మరిది.

"రానిదాన్ని కూర్చోబెట్టడం బావగారికి అలవాటే కదా బాబాయ్" అంది.

బావగారు. కొండమీది ఆయన్ని ఆమె ఆ వరసతో పిలవగా వినడం నాకు అదే మొదటిసారి. మరిది చేతిలో కొలత తాడు అలాగే ఉండిపోయింది. తోడికోడలు వంటింట్లోంచి తొంగిచూసింది. ఆ తర్వాత కాఫీలు వచ్చాయి, మాట వేరే విషయాల మీదికి వెళ్ళింది.

కల్యాణం ఫాల్గుణంలో. పడుగు మగ్గం మీదే ఉంది. ఈ ఏడు చీర ఎవరు నేస్తారన్నది నేను బస్సెక్కేదాకా తేలలేదు.